తిండితో పోరాడే అమ్మాయిలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్, డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే అమ్మాయిలతోనూ, వాళ్ళ ఇంట్లోవాళ్ళతోనూ కౌన్సెలింగ్‌లో మాట్లాడేటప్పుడు మళ్ళీ మళ్ళీ వినిపించే ప్రశ్నలివి. జవాబుల్లో ఎక్కడా ఇన్ని కిలోలు, ఇన్ని కేలరీలు అని రాయలేదు. ఈటింగ్ డిజార్డర్, అంటే తిండి చుట్టూ అల్లుకునే మానసిక జబ్బు, ఉన్న అమ్మాయి కళ్ళు ముందు ఆ అంకెల మీదే పడతాయి, వెంటనే వాటితో తనను పోల్చుకుంటుంది. అందుకే కావాలని వదిలేశాను.

మా అమ్మాయి సరిగ్గా తినదు. అంతమాత్రాన జబ్బు అనుకోవాలా?

అక్కర్లేదు. పరీక్షలప్పుడు ఆకలి చచ్చిపోవడం, హాస్టల్ కూర నచ్చక పెరుగన్నంతో సరిపెట్టుకోవడం, పెళ్ళి భోజనం మర్నాడు మజ్జిగతో ఉండిపోవడం అందరికీ ఉన్నవే. తిండి గురించిన ఆలోచన ఆమె రోజులో ఎంత భాగాన్ని మింగేస్తోందో చూడండి. పొద్దున లేవగానే నిన్న తిన్నదాని లెక్క, మధ్యాహ్నం భోజనం ఎలా తప్పించుకోవాలన్న ఆలోచన, రాత్రి తిన్నందుకు ఏడుపు, తెల్లారి దానికి శిక్షగా పస్తు. వారాల తరబడి ఇలా సాగుతుంటే ఇక దాన్ని తిండి పేచీ అనుకోకూడదు.

ఇలాంటి జబ్బుల్లో డాక్టర్లు ముఖ్యంగా మూడు పేర్లు చెబుతారు. అనొరెక్సియా నెర్వోసాలో తిండి బాగా తగ్గించేస్తారు, బరువు ప్రమాదకరంగా పడిపోతుంది, అయినా పెరుగుతామేమోనన్న భయం పోదు. బులీమియాలో చేయి ఆగకుండా తినేయడం, ఆ తర్వాత వాంతి చేసుకోవడమో, విరేచనాల మందులు వేసుకోవడమో, ఒళ్ళు హూనం చేసుకునేలా వ్యాయామం చేయడమో ఉంటుంది. మూడోది బింజ్ ఈటింగ్. ఇందులో ఆగకుండా తినడం ఉంటుంది, విరుగుడు ప్రయత్నాలుండవు, సిగ్గు మాత్రం బోలెడు. మానసిక జబ్బులను వర్గీకరించే అమెరికన్ వైద్య గ్రంథం డీఎస్ఎం-5 దీన్ని 2013లో విడి జబ్బుగా గుర్తించింది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఈ మూడింటిలో దేనిలోనూ పూర్తిగా ఇమడరు. అంతమాత్రాన వాళ్ళ బాధ తక్కువేమీ కాదు.

ఇది డబ్బున్నవాళ్ళ జబ్బు, సినిమావాళ్ళ జబ్బు అంటారు. మన ఊళ్ళలో ఎక్కడుంది?

ఉంది. వేరే పేర్లతో ఉంది. మన అమ్మాయి "లావైపోతానని భయంగా ఉంది" అని చెప్పకపోవచ్చు. "ముద్ద దిగడం లేదు", "గ్యాస్ పట్టేస్తోంది", "రెండు మెతుకులు తినగానే కడుపు ఉబ్బరం" అంటుంది. ఇంట్లోవాళ్ళు గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, ఎండోస్కోపీ చేయిస్తారు, అంతా బాగానే ఉందంటారు, మాత్రలు మార్చుకుంటూ ఏడాది గడిచిపోతుంది.

1990లలో హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు అనొరెక్సియా ఉన్న 70 మందిని పరిశీలిస్తే సగానికి పైగా అసలు లావు భయమే చెప్పలేదు. కడుపు నిండినట్టుందనో, ఆకలి లేదనో చెప్పారు. 1995లో ఢిల్లీ నుంచి ఐదుగురు యువతుల కేసులు ప్రచురితమయ్యాయి. వాళ్ళలోనూ తినకపోవడం, వాంతులు, బరువు పడిపోవడం, నెలసరి ఆగిపోవడం ఉన్నాయి, పాశ్చాత్య పుస్తకాల్లో రాసినట్టు తమ ఒంటి గురించిన వక్రమైన ఊహ కనబడలేదు. లావు గురించి మాట్లాడలేదు కాబట్టి ఇది ఆ జబ్బు కాదులే అని కొట్టిపారేయకూడదు.

ఉపవాసాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. శనివారం ఒంటిపూట, కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసం, లెంట్ మన ఇళ్ళలో మామూలే. వాటిలో తప్పు లేదు. అయితే వ్రతానికి ముగింపు ఉంటుంది. పూజ అయ్యాక ప్రసాదం పులిహోర కళ్ళకద్దుకుని తింటాం. శనివారం ఉపవాసం మంగళవారానికి, గురువారానికి పాకి, ఆ పులిహోర దొన్నె చేతిలో పెడితే అమ్మాయి ముఖం పాలిపోతోందంటే అక్కడ భక్తి చాటున ఇంకేదో నడుస్తోంది. ఇంట్లో మెచ్చుకుంటారు కాబట్టి దాచుకోవడానికి అంతకంటే భద్రమైన చోటు ఆమెకు దొరకదు.

అసలు మనసులో ఏం జరుగుతుంది?

ఒక్క కారణమంటూ ఉండదు. అయినా ఈ అమ్మాయిలు చెప్పేది వింటుంటే అన్నిటికంటే ఎక్కువగా తగిలేది ఒకటుంది: తన బతుకులో తన మాట చెల్లే చోటు ఎక్కడా లేదన్న భావన. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మానసిక వైద్యురాలు హిల్డే బ్రూక్ 1962లోనే దీని గురించి రాశారు. ఆమె గమనించినవి మూడు. తన ఒళ్ళు ఎలా ఉందో సరిగ్గా పోల్చుకోలేకపోవడం ఒకటి. ఆకలి, అలసట, కోపం, దిగులు వీటిలో లోపల కదిలేది ఏదో విడదీసి గుర్తుపట్టలేకపోవడం రెండోది. వీటన్నిటికీ అడుగున "నా వల్ల ఏదీ కాదు, నేను చేసేదంతా ఇంకొకరు చెప్పిందే" అన్న నిస్సహాయత.

మన పిల్లల రోజు చూడండి. పదో తరగతి అయిపోగానే ఎంపీసీనా బైపీసీనా అన్నది పెద్దవాళ్ళు తేలుస్తారు. ఏ కాలేజీ, ఏ హాస్టలు, ఎన్నింటికి లేవాలి, ఇంటికి ఫోన్ ఏ రోజు చేసుకోవాలి, ఏ బట్టలు వేసుకోవాలి, అన్నీ ఎవరో ఒకరు చెబుతారు. ఆమె బదులు ఇంకెవరూ చేయలేని పని ఒకటే మిగులుతుంది, ముద్ద మింగడం. "నాకొద్దు" అన్న రోజున మొదటిసారి ఇల్లంతా ఆమె చుట్టూ తిరుగుతుంది. బరువు తగ్గుతుంటే మొదటిసారి ఏదో తన చేతిలో ఉన్నట్టనిపిస్తుంది. అలాంటి అమ్మాయిని "తిను, తిను" అని గద్దిస్తే, ఆమెకున్న ఆ ఒక్క హక్కునూ లాక్కుంటున్నట్టు వినబడుతుంది.

ఒకసారి హాస్టల్ మెస్‌లో ఒకమ్మాయి పక్కన కూర్చున్నాను. రెండు ఇడ్లీలు పెట్టించుకుంది. ఒకదాన్ని వేళ్ళతో చిదిమి పొడి చేసింది, సాంబారులో కలిపింది, ప్లేటంతా పరిచింది. కబుర్లు చెబుతూనే ఉంది, నవ్వుతూనే ఉంది, చెంచా చాలాసార్లు పెదవుల దాకా వెళ్ళింది. బెల్లు కొట్టేసరికి ప్లేటులో ఎంత ఉందో అంతే ఉంది. ఎదురుగా కూర్చున్న స్నేహితురాళ్ళకు ఆమె ఏమీ తినలేదని తెలియదు. క్లాసులో మొదటి వరసలో కూర్చునే పిల్ల, వార్డెన్ ఎప్పుడూ పల్లెత్తు మాట అనాల్సిన అవసరం రాని పిల్ల.

ఆ "మంచి పిల్ల" తనం కూడా కథలో భాగమే. ఆక్స్‌ఫర్డ్‌లో మానసిక వైద్యుడు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ బృందం 2003లో చెప్పిన వివరణ ఇప్పటికీ చికిత్సకు ఆధారం. దాని ప్రకారం జబ్బు పేరేదైనా నడిబొడ్డున ఉన్నది ఒకటే: తన విలువ మొత్తాన్ని బరువుకూ ఆకారానికీ ముడిపెట్టుకోవడం. మనలో చాలామందికి చదువు, స్నేహాలు, పాట, ఇల్లు, దేవుడు ఇలా నాలుగైదు ఆధారాలుంటాయి. ఈ అమ్మాయిది ఒక్క గుంజ మీద నిలబెట్టిన పందిరి. ఆ సమస్యను వదలకుండా పట్టి ఉంచేవి ఇంకో నాలుగున్నాయంటారు ఆయన: అతి పరిపూర్ణత కోసం తపన, ఎంత చేసినా తీరని ఆత్మన్యూనత, తీవ్రమైన ఉద్వేగాలను తట్టుకోలేకపోవడం, మనుషులతో పొత్తు కుదరకపోవడం. వారం వారం టెస్టు పెట్టి మార్కుల వరసలో పేర్లు గోడకు అంటించే చోట పెరిగిన పిల్లకు బరువు చూసే మిషన్ ఇంకో ర్యాంకు చూపిస్తుంది. ఈ ర్యాంకు పోటీలో ఇంకెవరూ లేరు కాబట్టి గెలవడం కూడా తేలికనిపిస్తుంది.

ఆగకుండా తినేవాళ్ళ కథ కొంచెం వేరు. రాత్రి పదిన్నరకు లైట్లార్పాక, ఇంటి మీద బెంగ, మార్కులు తగ్గినందుకు భయం, ఎవరో అన్న మాట, అన్నీ ఒక్కసారి మీద పడతాయి. అమ్మ పంపిన జంతికల డబ్బా తీస్తే ఆ పావుగంట ఏ ఆలోచనా ఉండదు. తిండి అక్కడ మత్తుమందు పని చేస్తుంది. డబ్బా అడుగు కనబడ్డాక బాధ రెట్టింపవుతుంది.

ఇంకొకటి, మెల్లగా చెప్పాల్సింది. చిన్నప్పుడు లైంగిక వేధింపులకు గురైనవాళ్ళలో ఈ సమస్యలు వచ్చే అవకాశం ఎక్కువ. తన ఒంటిని ఎవరూ చూడకుండా కుదించేసుకోవాలనో, గుర్తుపట్టలేకుండా మార్చేసుకోవాలనో వాళ్ళకు అనిపించవచ్చు. అందరి కథా ఇదే కాదు. కానీ ఫలానా బంధువు ఇంటికొచ్చిన రోజుల్లోనే తిండి మానేస్తోందంటే ఆ సంగతిని తేలిగ్గా తీసుకోకండి.

డైటింగ్ చేస్తే తప్పేముంది? లంఖణం పరమౌషధం అన్నారు కదా!

జ్వరం వచ్చినప్పుడు ఒక పూట మానేయడం గురించి అన్నమాట అది. ఎదిగే వయసులో నెలల తరబడి కడుపు మాడ్చుకోవడం వేరు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో విద్యార్థులను కొన్నేళ్ళు గమనించి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, చాలా కఠినంగా డైటింగ్ చేసిన అమ్మాయిలకు ఈటింగ్ డిజార్డర్ వచ్చే అవకాశం డైటింగ్ చేయనివాళ్ళ కంటే 18 రెట్లు ఎక్కువని తేలింది. ఒక మోస్తరుగా చేసినవాళ్ళకు 5 రెట్లు.

ఎందుకలా? దీనికి జవాబు అమ్మాయిల మీద కాదు, అబ్బాయిల మీద చేసిన ప్రయోగంలో దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను తీసుకున్నాడు. ఆయుధం పట్టడానికి మనసొప్పక ఈ ప్రయోగానికి ముందుకొచ్చినవాళ్ళు వాళ్ళు. ఆరు నెలలపాటు వాళ్ళకు సగం కడుపే భోజనం పెట్టారు. వాళ్ళెవరికీ లావు భయం లేదు, శరీరం గురించిన దిగులు లేదు. అయినా కొన్ని వారాల్లో మాటలన్నీ తిండి గురించే అయ్యాయి. వంటల పుస్తకాలు సేకరించడం మొదలుపెట్టారు, ప్లేట్లు నాకారు, చిన్నదానికే చిరాకుపడ్డారు, స్నేహితులకు దూరమయ్యారు. మళ్ళీ కావలసినంత తినమన్నాక కొందరికి ఎంత తిన్నా కడుపు నిండినట్టే అనిపించలేదు.

ఇది తల్లిదండ్రులకు నేను తప్పకుండా చెబుతాను. మీ అమ్మాయి చిరాకు, ఒంటరితనం, వంటల వీడియోలు గంటలు గంటలు చూడటం, ఇంట్లో అందరికీ కేకులు చేసి పెట్టి తను తినకపోవడం, వీటిలో చాలావరకు పొగరు కాదు, ఆకలి చేయిస్తున్న పనులు. అందుకే మనసు బాగుపడ్డాక తింటుందిలే అని ఎదురుచూడకూడదు. కడుపులో పడకుండా మనసు బాగుపడదు.

సన్నగా ఉంది, అయినా అద్దం ముందు లావుగా ఉన్నానని ఏడుస్తుంది. నటిస్తోందా?

లేదు, ఆమెకు నిజంగా అలాగే తోస్తుంది. మనకు అద్దంలో మొత్తం మనిషి కనబడుతుంది. ఆమె ముక్కలు ముక్కలుగా చూస్తుంది: పొట్ట, తొడలు, గడ్డం కింద, జబ్బలు. మణికట్టు చుట్టూ వేళ్ళు పెట్టి కొలుచుకోవడం, చర్మాన్ని గిల్లి చూసుకోవడం రోజుకు పదుల సార్లు జరుగుతుంది. దేన్నయినా అంతసేపు, అంత భయంతో చూస్తే తప్పే కనబడుతుంది.

ఆడపిల్లలు తమను తాము ఎదుటివాడి కళ్ళతో చూసుకోవడం నేర్చుకుంటారని బార్బరా ఫ్రెడ్రిక్సన్, టోమీ ఆన్ రాబర్ట్స్ అనే సైకాలజిస్టులు 1997లో ఒక సిద్ధాంతం చెప్పారు. మరుసటి సంవత్సరం వచ్చిన ప్రయోగంలో విద్యార్థులను ఒంటరిగా గదిలో అద్దం ముందు స్విమ్‌సూట్‌గానీ స్వెటర్‌గానీ వేసుకోమని, అలాగే లెక్కలు చేయమన్నారు. స్విమ్‌సూట్ వేసుకున్న అమ్మాయిలకు లెక్కల్లో మార్కులు తగ్గాయి. అబ్బాయిలకు ఆ తేడా రాలేదు. గదిలో వాళ్ళను చూస్తున్నవాళ్ళు ఎవరూ లేరు. అంటే ఆ చూసే కళ్ళు లోపలే ఉన్నాయి. ఎండాకాలంలో కూడా చున్నీ తీయకుండా, స్వెటర్ వదలకుండా క్లాసులో కూర్చునే పిల్లకు పాఠం ఎంత ఎక్కుతుందో ఆలోచించండి.

ఆమెతో వాదించకండి. "నువ్వు పుల్లలా ఉన్నావే" అన్న మాట ఆమెకు మెప్పులా వినబడుతుంది. "నీకు అలా కనబడుతోందంటే ఎంత కష్టంగా ఉండి ఉంటుందో" అనండి, చాలు.

అంతా ఇన్‌స్టాగ్రామ్ వల్లే కదా?

అంతా కాదు, కొంత. ఎదుటివాళ్ళతో పోల్చుకుని మన విలువ కట్టుకుంటామని లియాన్ ఫెస్టింగర్ అనే సైకాలజిస్టు 1954లోనే చెప్పాడు. అప్పట్లో పోల్చుకోవడానికి వీధిలోవాళ్ళు, క్లాసువాళ్ళు ఉండేవాళ్ళు. ఇప్పుడు ఫిల్టర్ వేసిన కొన్ని వేలమంది ఉన్నారు.

దీనికి ఫిజీ దీవుల ఉదాహరణ నాకెప్పుడూ గుర్తొస్తుంది. అక్కడ బొద్దుగా ఉండటమే అందం, ఎవరైనా చిక్కిపోతే ఇంట్లోవాళ్ళు కంగారుపడేవాళ్ళు. మన పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ఉన్నట్టే. 1995లో నద్రోగా ప్రాంతానికి టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అప్పుడొకసారి, 1998లో ఒకసారి బడిపిల్లలను అడిగి చూశారు. తిండి తీరు దెబ్బతిన్నట్టు ప్రశ్నావళిలో తేలినవాళ్ళు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు కోసం వాంతి చేసుకోవడం మొదట ఒక్కరిలోనూ లేదు, మూడేళ్ళకు 11.3 శాతం మందిలో కనబడింది.

2021లో బయటికొచ్చిన ఫేస్‌బుక్ అంతర్గత పత్రాల్లోనూ, తమ ఒంటి గురించి బాధగా ఉన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను పెంచిందని చెప్పిన టీనేజీ అమ్మాయిలు 32 శాతం. అయితే ఒకే గదిలో ఒకే రీల్స్ చూసే నలుగురికీ జబ్బు రాదు. ముందే కుంగి ఉన్న పిల్లకు అది ఎక్కువ తగులుతుంది. ఫోన్ లాక్కుంటే సరిపోదు. కూర్చోబెట్టి, ఏ ఖాతాలు చూశాక తనమీద తనకు అసహ్యం వేస్తోందో ఆమెనే గుర్తుపట్టమని, ఆమె చేత్తోనే తీసేయమని చెప్పండి.

మేమన్న మాటల వల్లే ఇలా అయిందా?

ఈ జబ్బుకు తల్లిని నిందించడం ఒకప్పుడు వైద్యంలోనే ఉండేది, ఇప్పుడు లేదు. కవలల మీద జరిగిన అధ్యయనాలు వంశపారంపర్యం పాత్ర పెద్దదని చూపించాయి. 2019లో అనొరెక్సియాతో సంబంధమున్న ఎనిమిది జన్యు ప్రాంతాలను గుర్తించారు. మీరు జబ్బును పుట్టించలేదు.

అలాగని మాటలకు బలం లేదనీ కాదు. మిన్నెసోటాలోనే 1998 ప్రాంతంలో మొదలైన ప్రాజెక్ట్ ఈట్ అనే దీర్ఘకాల అధ్యయనంలో, తల్లిదండ్రులు పిల్లలతో బరువు గురించి మాట్లాడే ఇళ్ళలో పిల్లల తిండి ఎక్కువగా గాడి తప్పింది. ఆరోగ్యకరమైన తిండి గురించి మాత్రమే మాట్లాడే ఇళ్ళలో అలా లేదు. ఇంటిల్లిపాదీ కలిసి భోంచేయడం అమ్మాయిలకు కొంత రక్షణ ఇచ్చింది.

మన ఇళ్ళలో అసలు చిక్కు ఇంకోటి. గృహప్రవేశానికి వెళ్తే పెద్దమ్మ విస్తట్లో రెండో బొబ్బట్టు వేసి, నెయ్యి పోసి, "తినవే, ఈ వయసులో తినకపోతే ఇంకెప్పుడు" అంటుంది. చేతులు కడుక్కునే చోట అదే పెద్దమ్మ "బాగా ఒళ్ళు చేసిందే మీ పిల్ల" అని అమ్మతో అంటుంది. రెండూ ప్రేమతోనే. వద్దంటే మర్యాద కాదు, తింటే లావు. ఈ రెండు మాటల మధ్య ఆ పిల్ల నలిగిపోతుంది. పెద్దమ్మను మార్చలేకపోవచ్చు. కానీ "దాని ఒంటి గురించి వద్దు అక్కా" అని అమ్మ అక్కడికక్కడే ఒక్క మాట అంటే, అది ఆ పిల్ల జీవితమంతా గుర్తుపెట్టుకుంటుంది.

పెళ్ళి చూపుల లోపు తగ్గమంటున్నారు. నాకు తినాలంటేనే భయమేస్తోంది.

మీ భయం అర్థమవుతోంది. బయోడేటాలో ఎత్తు, బరువు, రంగు గడులు కట్టి రాసే చోట మనసు కుంచించుకుపోకుండా ఎలా ఉంటుంది? 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ఫెయిర్ అన్న మాట తీసేయడానికి 2020 దాకా పట్టింది. సంబంధాల మాటల్లోంచి అది ఇంకా పోలేదు. రంగు గురించి మాటలు పడ్డ అమ్మాయి, దాన్ని మార్చుకోలేక, కసి అంతా బరువు మీద తీర్చుకోవడం నేను చాలాసార్లు చూశాను.

తినాలంటే భయమేసే దశకు వచ్చారంటే ముందు సైకాలజిస్టును కలవండి, సంబంధాల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో ఒక్కరికైనా, అన్నయ్యకో, పిన్నికో, మీ మాట వినేవాళ్ళకు సూటిగా చెప్పండి: "నాకు భయంగా ఉంది, ఈ మూడు నెలలు నా బరువు ఊసెత్తకండి." పెళ్ళికొడుకు తరపువాళ్ళు ఇప్పుడే బరువు తగ్గాలని షరతు పెడుతున్నారంటే, ఆ ఇంట్లో కాపురం ఎలా ఉంటుందో మీవాళ్ళు కూడా ఆలోచించాలి.

నాకు పీసీఓడీ. డాక్టరు బరువు తగ్గమన్నారు. పగలంతా మానేసి రాత్రి ఆపుకోలేక తినేస్తున్నాను.

మీలో పట్టుదల లేక కాదు. పగలంతా ఆకలితో ఉంటే రాత్రి శరీరం అడిగి తీరుతుంది. పీసీఓఎస్ (మీరు పీసీఓడీ అంటున్నదే) ఉన్నవాళ్ళలో బింజ్ ఈటింగ్, ఒంటి గురించిన దిగులు ఎక్కువని, వైద్యులు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఈసారి వెళ్ళినప్పుడు రాత్రి జరిగేది డాక్టరుకు చెప్పండి. ఉదయం టిఫిను మానకుండా, మూడు నాలుగు గంటలకోసారి ఏదో ఒకటి తినడంతో మొదలుపెట్టండి. రాత్రి ఎక్కువ తిన్నా మర్నాడు టిఫిను మానొద్దు. ఆ మానడంలోనే తర్వాతి రాత్రి తిండి మొదలవుతుంది.

తిన్నాక వాంతి చేసుకుంటే ఒంటికి పట్టదు కదా?

పడుతుంది. ప్రమాదం మాత్రం మిగులుతుంది. రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. పంటి ఎనామెల్ కరిగిపోతుంది, చెంపల కింద గ్రంథులు వాస్తాయి. 1979లో లండన్‌లో మానసిక వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ బులీమియాకు ఆ పేరు పెట్టినప్పుడు వివరించిన రోగుల్లో చాలామంది చూడటానికి మామూలు బరువులోనే ఉన్నారు. కాబట్టి మనిషి సన్నగా లేకపోతే భయం లేదనుకోవద్దు.

అబ్బాయిలకు రాదా?

వస్తుంది. జిమ్, కండలు, ప్రొటీన్ పొడుల చాటున దాక్కుంటుంది. ఆడపిల్లల జబ్బన్న సిగ్గుతో చెప్పుకోరు.

మా రూమ్మేట్ గురించి అనుమానంగా ఉంది. ఎలా అడగాలి?

అందరి ముందు వద్దు, భోజనం దగ్గర అసలే వద్దు. సాయంత్రం టెర్రస్ మీద ఇద్దరే ఉన్నప్పుడు, "ఈ మధ్య నువ్వు బాగా డల్‌గా ఉంటున్నావే, రాత్రుళ్ళు ఏడవడం విన్నాను, ఏమైంది?" అని అడుగు. బరువు మాట, ప్లేటు మాట ఎత్తకు. మొదటిసారి కసురుకుంటుంది. వారం ఆగి మళ్ళీ అడుగు.

1999లో లండన్ డాక్టర్లు ఐదు ప్రశ్నల చిన్న పరీక్ష తయారుచేశారు. కడుపు నిండా తిన్నాక ఇబ్బందిగా ఉందని వాంతి చేసుకుంటున్నావా? ఎంత తింటున్నానో నా చేతిలో లేదని భయపడుతున్నావా? ఈ మధ్య బరువు బాగా తగ్గావా? అందరూ సన్నగా ఉన్నావంటున్నా లావుగా ఉన్నానని నమ్ముతున్నావా? తిండే నీ జీవితాన్ని ఏలుతోందనిపిస్తోందా? రెండింటికి అవునని వస్తే డాక్టరుకు చూపించాలి. కళ్ళు తిరిగి పడిపోయినా, గుండె దడగా ఉందన్నా, చచ్చిపోవాలనుందన్నా రహస్యం కాపాడతానన్న మాట పక్కన పెట్టి ఆ రాత్రే వార్డెన్‌కు, ఇంటికి చెప్పు. అనొరెక్సియా ఉండి చనిపోయినవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరు ఆత్మహత్య చేసుకున్నవాళ్ళే.

వైద్యం ఏమిటి? ఎక్కడ దొరుకుతుంది?

ఇంట్లో ఉండే చిన్న వయసు పిల్లలకు, జబ్బు మొదలై ఎక్కువ కాలం కాకపోతే, కుటుంబంతో కలిపి చేసే చికిత్స బాగా పనిచేస్తుంది. లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది, 1987లో దాని ఫలితాలు వచ్చాయి. ఇందులో కొన్నాళ్ళు భోజనం బాధ్యత అమ్మానాన్నలు తీసుకుంటారు, తర్వాత మెల్లగా అమ్మాయికి తిరిగి అప్పగిస్తారు. హక్కు లాక్కున్నట్టుంటుందని పైన నేనే అన్నాను. ఇక్కడ తేడా ఏమిటంటే ఇది గద్దింపు కాదు, పక్కన కూర్చుని తినిపించడం. కోపమంతా జబ్బు మీద, పిల్ల మీద కాదు. ప్రతి పూటా, వారాల తరబడి. అలసిపోతారు. అందుకే అమ్మ ఒక్కతే మోయకుండా నాన్న కూడా సెలవు పెట్టాలి.

బులీమియా, బింజ్ ఈటింగ్ ఉన్నవాళ్ళకు సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స), అవసరమైతే మందులు ఉంటాయి. అనొరెక్సియాను నేరుగా నయం చేసే మందు లేదు. చాలాకాలం తినకుండా ఉన్న అమ్మాయికి ప్రేమకొద్దీ ఒక్కసారిగా ఎక్కువ పెట్టేయకండి. రక్తంలో లవణాలు తారుమారై ప్రాణాపాయం రావచ్చు. అలాంటప్పుడు తిండి తిరిగి మొదలుపెట్టడం డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి.

ఎవరిని అడగాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖ మానసిక ఆసుపత్రి, బెంగళూరు నిమ్హాన్స్ ప్రభుత్వ సంస్థలు. ముందు మీ ఊళ్ళో ఫిజీషియన్‌తో రక్తపరీక్ష, ఈసీజీ చేయించండి.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళినట్టు తెలిస్తే సంబంధాలు రావేమో?

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ అమ్మాయి చికిత్స వివరాలు గోప్యం. చట్టంలో ఉన్న కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఆమె ఒప్పుకోకుండా ఆసుపత్రి ఎవరికీ చెప్పకూడదు. ఆలస్యం చేస్తే నెలసరి ఆగిపోవడం, ఎముకలు గుల్లబారడం లాంటివి మిగులుతాయి. వాటిని ఏ చట్టమూ దాచలేదు.

పూర్తిగా తగ్గుతుందా? తిరగబెడితే?

తగ్గుతుంది, కానీ టైము పడుతుంది. బోస్టన్‌లో రోగులను సుమారు 22 ఏళ్ళు గమనించిన అధ్యయనంలో అనొరెక్సియా ఉన్నవాళ్ళలో తొమ్మిదేళ్ళకు కోలుకున్నది 31 శాతమే, 22 ఏళ్ళకు దాదాపు 63 శాతం. పదేళ్ళయినా తగ్గలేదని ఆశ వదిలేసుకున్న ఇళ్ళవాళ్ళకు ఈ అంకె చెబుతుంటాను.

తిరగబెట్టే సమయాలు చాలావరకు ముందే తెలుస్తాయి: పరీక్షలు, హాస్టల్ మారడం, పెళ్ళి కుదరడం, కాన్పు తర్వాత, అమెరికాలో మొదటి సెమిస్టర్. అలాంటిది వస్తోందని తెలిసినప్పుడు జబ్బు కనబడేదాకా ఆగకుండా రెండు వారాల ముందే పాత థెరపిస్టుతో ఒక సెషన్ పెట్టుకోండి. ఎవరు వీడియో కాల్‌లో పక్కనుండగా భోంచేస్తుందో, బరువు మిషన్ గదిలో ఉండకూడదన్నది, ఎలాంటి గుర్తులు కనబడితే ఎవరికి ఫోన్ చేయాలో అమ్మాయి చేతే ఒక కాగితం మీద రాయించండి. ఆ కాగితం నకలు మీ దగ్గరా ఒకటి ఉంచుకోండి.